సముద్రపు అడుగు, అక్కడ జీవులు బతికిన నాటికే గట్టి రాయిగా ఉందని శిలాజాలు ఎలా చెబుతాయి?

ఆ రాయిని తొలిచిన రంధ్రాలు, దాని పైభాగానికి అతుక్కుని పెరిగిన జీవుల గుల్లలు, ఈ రెండే అసలు ఆధారాలు.

మెత్తటి బురదలో బొరియ తవ్వే జీవి, గవ్వ అడ్డొస్తే సాధారణంగా పక్కకు తిరిగిపోతుంది. రాయిని తొలిచేది అలా కాదు. దారిలో ఉన్న పాత గవ్వనీ, దాని చుట్టూ ఉన్న రేణువులనీ కత్తితో కోసినట్టు ఒకే గీతలో కోసుకుంటూ పోతుంది. గవ్వ అలా తెగాలంటే చుట్టూ ఉన్నదంతా ముందే గట్టిపడి ఉండాలి. భూతద్దం కింద ఆ తెగిన అంచు కనిపిస్తే ఇక పెద్దగా అనుమానం అక్కర్లేదు.

అమెరికాలోని సిన్సినాటి చుట్టుపక్కల సుమారు 45 కోట్ల ఏళ్ల నాటి సున్నపురాళ్లలో ఇది బాగా కనిపిస్తుంది. ట్రిపనైటిస్ అనే సన్నటి గొట్టాల్లాంటి రంధ్రాలు, వాటి పక్కనే పలుచటి పొరలా పరుచుకున్న బ్రయోజోవాలు (గుంపులుగా అతుక్కుని బతికే చిన్న సముద్ర జీవులు), క్రైనాయిడ్లు (కాడ మీద పువ్వులా కనిపించే, నక్షత్ర చేపల బంధువులు) రాయిని పట్టుకున్న మొదళ్లు అక్కడ దొరుకుతాయి.

బురద రాయి కావాలంటే లోతుగా పూడిపోయి లక్షల ఏళ్లు ఆగాలని చాలామంది అనుకుంటారు. సున్నపు మడ్డి విషయంలో అది తప్పు. సముద్రపు నీటిలోని కాల్షియం కార్బొనేట్, మడ్డి రేణువుల మధ్య స్ఫటికాలుగా పేరుకుని, అడుగునే సిమెంటులా బిగించేస్తుంది. పర్షియన్ గల్ఫ్‌లో, బహామాస్ దగ్గర ఈనాటికీ ఇలాంటి అడుగు తయారవుతోంది.