అన్నం మానాలా, కేలరీలు తగ్గించాలా?

బెంగళూరులో ఉద్యోగం, రోజూ ఆంధ్రా మెస్‌లో భోజనం, పొట్ట వస్తోంది, అన్నం పూర్తిగా మానేస్తే కొవ్వు త్వరగా తగ్గుతుందా లేక కేలరీలు లెక్కపెట్టుకోవాలా అని అడిగారు కదా. నేను రెండూ చేశాను. నాకు నిలబడింది కేలరీల లెక్కే.

అన్నం, చపాతీ ఆపేసిన మొదటి వారంలో బరువు గబగబా దిగుతుంది. అందులో చాలావరకు నీరే. పిండి పదార్థాల నుంచి తయారై ఒంట్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ గ్రాముకు సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అది ఖర్చయితే ఆ నీరూ పోతుంది, మళ్లీ అన్నం తినగానే తిరిగొస్తుంది. కొవ్వు సంగతి వేరు. ఏ పద్ధతిలోనైనా ఒంటికి ఖర్చయ్యేదాని కన్నా తక్కువ తింటేనే అది తగ్గుతుంది. 2018లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 609 మందిని ఏడాది పాటు గమనించి ఫలితాలు ప్రచురించారు. కొవ్వు తగ్గించి తిన్నవాళ్లు సగటున 5.3 కిలోలు, కార్బ్స్ (అన్నం, చపాతీ లాంటి వాటిలోని పిండి పదార్థాలు) తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. అది చెప్పుకోదగ్గ తేడా కాదని తేల్చారు.

లో కార్బ్‌లో మంచి లేదని కాదు. గుడ్లు, చికెన్, పనీర్ తిన్న పూట ఆకలి తొందరగా వేయదు. కానీ మారతహళ్ళిలో రూమ్‌లో అందరూ పప్పన్నంలో ఆవకాయ కలుపుకుంటుంటే ఎన్నాళ్లని పక్కన కూర్చుంటాం?

నా కళ్లు తెరిపించింది మాత్రం నూనె. పోపుకి, వేపుడుకి డబ్బాలోంచి నేరుగా వంచేవాళ్లం. ఒకరోజు చెంచాతో కొలిస్తే బెండకాయ వేపుడు ఒక్కదానికే నాలుగు పెద్ద చెంచాలు పట్టింది. చెంచాకి సుమారు 120 కేలరీలు, అంటే దాదాపు 90 గ్రాముల వండిన అన్నం! మనం అన్నాన్ని తిడతాం గానీ, నూనె జోలికి పోం. అప్పటి నుంచి కొలిచే పోస్తున్నాం. అన్నం ఒక కప్పు, పప్పు రెండింతలు, పక్కన గుడ్డో పెరుగో.

షుగర్‌కి మందులు వాడుతుంటే మాత్రం డాక్టర్‌ని అడగకుండా కార్బ్స్ ఒక్కసారిగా తగ్గించకండి. ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలతో షుగర్ మరీ పడిపోయే ప్రమాదం ఉంది.

మెస్‌లో నూనె మన చేతిలో ఉండదు కాబట్టి అక్కడ వేపుడు, అప్పడం వద్దనండి, పప్పు, ఆకుకూర ఇంకాస్త వడ్డించమనండి. అన్నం రెండోసారి వడ్డించడానికి వచ్చేలోపే మజ్జిగ అడిగేయండి.