లాంకాస్టర్ రైఫిలా, టెనెసీ రైఫిలా? మొదటి చెకుముకి తుపాకి గురించి

పెన్సిల్వేనియాలో ఉంటూ మొదటిసారి ఫ్లింట్‌లాక్, అంటే చెకుముకి రాయితో పేలే రైఫిల్ కొనబోతున్నాననీ, లాంకాస్టర్ శైలి, టెనెసీ కొండప్రాంతపు శైలి నమూనాలలో ఏది చేతికి అనువుగా ఉంటుందనీ మీరు అడిగారు. ఆరేళ్లుగా ఇక్కడి మైదానంలో రెండింటినీ కాలుస్తున్న అనుభవంతో చెబుతున్నాను: చెక్కడాలనూ ఇత్తడి పనితనాన్నీ పక్కన పెట్టి, ముందుగా తుపాకి మడమను, అంటే భుజానికి ఆనించే వెనుకవైపు కొయ్య భాగాన్ని చూడండి.

18వ శతాబ్దంలో ఆగ్నేయ పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మన్ తుపాకి పనివారు, తమ స్వదేశపు పొట్టి, లావు గొట్టపు వేటతుపాకి అయిన యేగర్ రైఫిల్‌ను క్రమంగా పొడిగించి, గొట్టం రంధ్రాన్ని సన్నబరచగా ఈ పొడవాటి రైఫిల్ రూపుదిద్దుకుంది. జేకబ్ డికర్ట్ వంటి లాంకాస్టర్ పనివారి తుపాకులలో మడమ పైఅంచు, కింది అంచు దాదాపు తిన్నని గీతల్లా సాగి త్రిభుజంలా కనిపిస్తాయి. మడమ పలక కాస్త వెడల్పుగా, తక్కువ వంపుతో ఉండటం వల్ల తుపాకి వెనక్కి తన్నే దెబ్బ భుజమంతా పరచుకుంటుంది. పెన్సిల్వేనియాలోనే ఉన్న లీహై లోయ రైఫిళ్లకు మడమ దగ్గర కనిపించే వంపు కంటికి ఇంపే గాని, అవి నేను ఎక్కువగా కాల్చలేదు.

టెనెసీ రైఫిల్‌కు ఇత్తడికి బదులు కమ్మరి కొట్టిన ఇనుప సామగ్రి, అలంకారం లేని కొయ్య ఉంటాయి. దాని మడమ నెలవంకలా లోతుగా వంగి సన్నగా ఉంటుంది. నేను మొదటిసారి దాన్ని మామూలు తుపాకిలా భుజం గుంటలో ఆనించి కాల్చాను. వంక కొనలు రెండూ గుచ్చుకుని వారం రోజులు నల్లగా కమిలింది. నిజానికి ఆ వంకను భుజం మీద కాక, కాస్త బయటకు, చేతి పైకండరం మీద ఆనించి, శరీరాన్ని పక్కకు తిప్పి నిలబడాలి. ఇది తెలిసిన తర్వాత అదే తుపాకి నాకు ఎంతో ముద్దొచ్చింది, కానీ ఆలోపే బెదురు పట్టుకుని, ట్రిగ్గర్ నొక్కగానే కళ్లు మూసుకునే అలవాటు పడింది. చెకుముకి తుపాకిలో ఆ అలవాటు గురిని పూర్తిగా పాడు చేస్తుంది. రాయి ఉక్కు పలకను గీరి, నిప్పురవ్వలు గొట్టం పక్కనున్న చిన్న గిన్నెలోని రంజకాన్ని (ముందుగా అంటుకునే మెత్తని మందును) అంటించి, ఆ మంట చిన్న రంధ్రం గుండా లోపలి మందును చేరేదాకా తుపాకి కదలకూడదు.

గొట్టం పొడవు ఇక్కడే మేలు చేస్తుంది. 42 నుంచి 46 అంగుళాల గొట్టం ముందు బరువుతో నిలకడగా నిలుస్తుంది, అయితే పైనుంచి కిందిదాకా ఒకే మందం ఉన్న గొట్టం చేతులను త్వరగా అలసటకు గురి చేస్తుంది. మడమ వైపు లావుగా, నడుమ సన్నగా, మూతి దగ్గర మళ్లీ కొద్దిగా విచ్చుకునే గొట్టానికి ధర ఎక్కువైనా, మీరు డబ్బు పెట్టవలసింది అక్కడే. మరో ఇబ్బంది నా వంటి పొట్టివారిది: నా ఎత్తు 65 అంగుళాలు, రైఫిల్ మొత్తం పొడవు దాదాపు 60. గొట్టం మూతి నుంచి మందు కూరేటప్పుడు మడమను నేల మీద ఉంచి, గొట్టాన్ని ఏటవాలుగా పక్కకు వంచి, ముఖాన్ని మూతికి దూరంగా పెట్టి తీరాలి.

తుపాకిమందు విషయంలో రంజకాన్ని గిన్నె నిండా పోయవద్దు; రంధ్రానికి కిందుగా ఉంచితేనే మంట నేరుగా దూకుతుంది, రంధ్రం మూసుకుపోతే వత్తిలా కాలుతూ ఆలస్యమవుతుంది. తేమ రోజుల్లో రంజకాన్ని మార్చుతూ ఉండండి.

ఈ రాష్ట్రంలో 1974 నుంచి చెకుముకి తుపాకులకు ప్రత్యేకంగా జింకల వేట కాలం ఉంది, దాన్ని దృష్టిలో పెట్టుకుంటే 50 క్యాలిబర్ (అర అంగుళం గొట్టం రంధ్రం) సరైనది, దానికి 0.490 అంగుళాల సీసపు గుండు, దాని చుట్టూ పెట్టే గుడ్డ ముక్క సరిపోతాయి. గురి పందేలకే అయితే 40 చాలు. నేనైతే మీకు తిన్నని మడమ గల లాంకాస్టర్‌నే సూచిస్తాను. టెనెసీ రకాన్ని మాత్రం ఎవరిదైనా అడిగి ఒక పూట కాల్చి, చేతి కండరం మీద అది ఎలా కూర్చుంటుందో చూసిన తర్వాతే కొనండి.