"దేవుడి శిక్ష అయిపోయిందా?" అని అడిగిన ఐదేళ్ళ బాబు

ప్రశ్న: నాకు ముగ్గురు పిల్లలు. పెద్దవాడికి ఐదేళ్ళు నిండాయి, రెండో పాపకు మూడేళ్ళు, చంటిదానికి ఎనిమిది నెలలు. తెల్లవారుజామున లేచి గంటసేపు ప్రార్థన చేసుకోవడం, గ్రంథం చదువుకోవడం పెళ్ళికి ముందు నుంచీ నాకున్న అలవాటు. చంటిది పుట్టాక అది సాగడం లేదు. కూర్చున్న ఐదు నిమిషాలకే ఎవరో ఒకరు లేస్తారు. పది రోజుల క్రితం నేను కళ్ళు మూసుకుని ఉండగా పెద్దవాడు వచ్చి, బొమ్మ కారు చక్రం ఊడిపోయిందంటూ భుజం పట్టి కుదిపాడు. వీపు మీద గట్టిగా చరిచాను. "ప్రార్థనలో ఉన్న అమ్మను కదిలించావు, దేవుడు నిన్ను తప్పకుండా శిక్షిస్తాడు" అన్నాను. ఆ సాయంత్రమే వాడు తడి మెట్ల మీద జారిపడ్డాడు, గడ్డం చిట్లింది. నెత్తురు తుడుస్తుంటే ఏడవలేదు. "అమ్మా, దేవుడి శిక్ష అయిపోయిందా, ఇంకా ఉందా?" అని అడిగాడు. ఆనాటి నుంచి రాత్రిపూట లైటు ఆర్పనివ్వడం లేదు. నేను ప్రార్థనకు కూర్చుంటే గుమ్మం దగ్గరే నిలబడిపోతున్నాడు. "రోజూ ప్రార్థన చేసే మనిషివి, నీకు ఇంత కోపమేమిటి" అని మావారన్న మాట నన్ను తినేస్తోంది. నా భక్తి అబద్ధమా? వాడి మనసులో దేవుడంటే ఇక భయమే మిగులుతుందా?

జవాబు: మీ రెండు ప్రశ్నలలో రెండవదానికి ముందు జవాబు చెబుతాను. మీ భక్తి గురించి మీరూ నేనూ నిదానంగా ఆలోచించుకోవచ్చు గానీ, పది రోజులుగా ఒక పసివాడు తనకు పడవలసిన శిక్ష ఇంకా ఎంత మిగిలి ఉందోనని లెక్క వేసుకుంటూ నిద్రపోతున్నాడు. వాడికి ఈ రోజే జవాబు అందాలి.

మీ బాబు ఆ ప్రశ్న అడగడం వింత కాదు, వాడిలో లోపమూ కాదు. ఆ వయసు మనసు ఆ విధంగానే పనిచేస్తుంది. స్విట్జర్లాండుకు చెందిన మనస్తత్వవేత్త జాఁ పియాజే 1932లో ప్రచురించిన పరిశీలనలలో పిల్లలకు ఒక చిన్న కథ చెప్పి అభిప్రాయం అడిగారు. ఇద్దరు పిల్లలు తోటలో పళ్ళు దొంగిలిస్తుండగా కాపలావాడు వస్తాడు. ఒకడు పట్టుబడతాడు, రెండోవాడు తప్పించుకుని పారిపోతూ పాడుబడిన వంతెన విరిగి నీళ్ళలో పడతాడు. దొంగతనం చేయకపోయినా ఆ వంతెన విరిగేదా అని అడిగితే, ఆరేళ్ళ పిల్లల్లో అత్యధికులు దొంగిలించాడు కాబట్టే పడ్డాడని చెప్పారు. పదకొండు, పన్నెండేళ్ళ వాళ్ళలో అలా చెప్పినవారు మూడోవంతు మాత్రమే. అంటే తప్పు చేస్తే మెట్లు, వంతెనలు కూడా శిక్షిస్తాయని చిన్నపిల్లలు తమంతట తామే నమ్ముతారు. ఉదయం మీరు అన్న మాట, సాయంత్రం జరిగిన ప్రమాదం ఆ నమ్మకంలో సరిగ్గా ఒకదానికొకటి అతుక్కున్నాయి. మీరు కోపంలో అన్నారని, ఆ మాటకు అర్థం లేదని విడదీసి చూడగల శక్తి వాడికి ఇంకా రాలేదు.

కాబట్టి ఆ రెండింటినీ విడదీసే పని మీరే చేయాలి. రాత్రి నిద్రకు ముందు వద్దు, అప్పటికే భయం మొదలవుతుంది. పగటిపూట చంటిది పడుకున్న వేళ చూసుకుని, వాడి చెయ్యి పట్టుకుని ఆ మెట్ల దగ్గరకు తీసుకువెళ్ళండి. పక్కనే కూర్చుని, జారిన మెట్టును చేత్తో తాకి చూపిస్తూ, "ఆ రోజు ఇక్కడ నీళ్ళు ఉన్నాయి, నువ్వు పరుగెత్తావు, కాలు జారింది, అందుకే దెబ్బ తగిలింది. దేవుడు నిన్ను పడెయ్యలేదు. నీ మీద ఏ శిక్షా లేదు" అని చెప్పండి. కావాలంటే మెట్టు మీద కాసిని నీళ్ళు పోసి, అరచెయ్యి ఆనించి ఎలా జారుతుందో వాడినే చూడనివ్వండి. ఐదేళ్ళ పిల్లవాడికి మాటల కంటే చేతికి తెలిసినదే ఎక్కువగా నిలుస్తుంది. ఆ తర్వాత, "పొద్దున నేను నిన్ను కొట్టాను, దేవుడు శిక్షిస్తాడని అన్నాను. ఆ మాట తప్పు. నాకు కోపం వచ్చి అన్నాను. నన్ను పిలిచినందుకు నువ్వు ఏ తప్పూ చేయలేదు" అని కూడా చెప్పండి.

ఇక్కడ మీవంటి భక్తిగల తల్లులు ప్రేమతోనే చేసే ఒక పొరపాటును ముందే చెప్పదలచుకున్నాను. "దేవుడు నిన్ను క్షమించేశాడులే" అని ఓదార్చాలని మీకు అనిపించవచ్చు. దయచేసి అలా అనకండి. క్షమించాడంటే ముందు తప్పు జరిగిందనే అర్థం. అప్పుడు వాడికి మీరు ఇచ్చేది వాయిదా వేసిన శిక్ష మాత్రమే అవుతుంది. చక్రం ఊడిన కారు పట్టుకుని తల్లి దగ్గరకు రావడం ఏ లెక్కలోనూ అపరాధం కాదన్న సంగతి వాడికి స్పష్టంగా అందాలి. అలాగే క్షమాపణ చెప్పేటప్పుడు మీరు భోరున ఏడిస్తే, వాడు తన భయం దిగమింగి మిమ్మల్ని ఓదార్చే పనిలో పడతాడు. మీ కన్నీళ్ళు నిజమైనవే, కానీ వాటిని మీవారి ముందో, ప్రార్థనలోనో వదలండి.

ఒక్కసారి చెబితే సరిపోదు. వాడు రేపు, ఎల్లుండి, వారం తర్వాత అదే ప్రశ్న మళ్ళీ అడుగుతాడు. విసుక్కోకుండా అవే మాటలు చెప్పండి. మాటలు మారితే ఏది నిజమో అన్న సందేహం వస్తుంది. రాత్రి చిన్న లైటు వెలుగుతూ ఉండనివ్వండి, దాన్ని వాడే ఆర్పమనే రోజు వస్తుంది. ప్రార్థన వేళ గుమ్మం దగ్గర నిలబడితే లోపలికి రమ్మని బలవంతం చేయకండి. మీరు కళ్ళు తెరవగానే వాడి వైపు చూసి నవ్వి, పక్కన చోటు ఉందన్నట్టు చేత్తో తట్టి చూపండి చాలు. వచ్చి కూర్చుంటే ఆ కారుతోనే ఆడుకోనివ్వండి. ఆ చక్రం ఇంకా బిగించలేదేమో, దాన్ని వాడి ఎదురుగా బిగించి ఇవ్వండి. ఆ రోజు వాడు అడిగింది అదే కదా.

ఇకపై ముగ్గురి విషయంలోనూ ఒక నియమం పెట్టుకోమని కోరుతున్నాను. అల్లరి మాన్పించడానికి దేవుడి పేరు వాడవద్దు. "దేవుడు చూస్తున్నాడు", "దేవుడికి కోపం వస్తుంది" అన్న మాటలు ఆ క్షణానికి పనిచేస్తాయి, అందుకే పెద్దవాళ్ళ నోటికి అంత తేలికగా వస్తాయి. కానీ మీకు ఆసరాగా ఉన్న దేవుడు వాడికి పోలీసుగా పరిచయమైతే, పెద్దయ్యాక కష్టంలో ఎవరి దగ్గరకు వెళ్ళాలో వాడికి తెలియదు. ఏ పని వద్దో దాన్ని మీ పేరు మీదనే చెప్పండి: "చెల్లిని నెట్టవద్దు, దానికి దెబ్బ తగులుతుంది." దేవుడి పేరు మాత్రం సంతోషం పంచుకునే వేళకు, నిద్రకు ముందు ఆ రోజు బాగున్నవి తలచుకునే వేళకు ఉంచండి. చెయ్యి చేసుకోవడం కూడా మానాలి. కోపం ముంచుకొచ్చినప్పుడు చంటిదాన్ని భద్రంగా పడుకోబెట్టి, రెండు నిమిషాలు పక్క గదిలోకి వెళ్ళి నీళ్ళు తాగి రావడం తప్పించుకోవడం కాదు, ఆ పూటకు మీరు చేయగల మంచి పని.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. మీ భక్తి అబద్ధమని నేను అనుకోవడం లేదు. మీ మతం ఏదో మీరు రాయలేదు, దాన్ని నేను అడగవలసిన అవసరమూ లేదు. ఎనిమిది నెలలుగా ముక్కలు ముక్కలుగా నిద్రపోతున్న శరీరం ఏ మతంలోనైనా ఒకలాగే అలిసిపోతుంది. నాలుగు నుంచి పదకొండు నెలల బిడ్డకు పగటి కునుకులతో కలిపి రోజుకు 12 నుంచి 16 గంటల నిద్ర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. బిడ్డ అన్ని గంటలూ పడుకోవచ్చు గానీ ఏకబిగిన పడుకోదు. మధ్యమధ్యలో లేచేది మీరే. అలా రాత్రంతా తెగిపోయిన నిద్రలో చివరికి మిగిలిన తెల్లవారుజాము గంటను కూడా మీరు ప్రార్థనకు ఇస్తున్నారు. నిద్ర చాలనివారికి ముందుగా సన్నగిల్లేది ఓర్పే. ఆ ఉదయం చెయ్యి లేచింది దాని వల్లనని నా అభిప్రాయం. కొట్టడం సరైనదని దీని అర్థం కాదు, దాన్ని మీ భక్తికి కొలతగా తీసుకోవద్దని మాత్రమే చెబుతున్నాను.

ప్రార్థన మానేయమని నేను చెప్పను. నా దగ్గరకు వచ్చే తల్లులలో కొందరికి, పిల్లలు పెరిగేదాకా ఇవన్నీ పక్కన పెట్టమని చుట్టుపక్కల వారు సలహా ఇస్తుంటారు. మిమ్మల్ని ఇన్నేళ్ళు నిలబెట్టినదాన్ని, మీకు అన్నిటికంటే బలం కావలసిన రోజుల్లో తీసివేయడం సరికాదు. దాని ఆకారం మారితే చాలు. తెల్లవారుజామున లేవడం కొన్ని నెలలు ఆపి ఆ గంట నిద్రపోండి. చంటిదానికి పాలిచ్చేటప్పుడు మీకు కంఠస్థమైన ఒక వాక్యాన్ని మెల్లగా అనుకోండి. బిడ్డ మీ గొంతు వింటూ పాలు తాగుతుంది, మీ ప్రార్థనా సాగుతుంది. చాలా మతసంప్రదాయాలు పాలిచ్చే తల్లికి ఉపవాసాల వంటి నియమాలలో సడలింపు ఇచ్చాయి. మీకు ఏవైనా తప్పనిసరి విధులున్నాయని మనసు పీకుతుంటే, మీరు గౌరవించే మతపెద్దను నేరుగా అడగండి. ఆ అనుమతి ఆయన నోట వింటే మీ మనసు కుదుటపడవచ్చు.

దీనితో పాటు, రోజుకు అరగంట ఎవరూ కదిలించని సమయం మీకు దక్కాలి, దాన్ని మీవారు ఇవ్వాలి. ఆయన అన్న మాటకు జవాబుగా వాదనకు దిగకండి. "నాకు కోపం ఎక్కువైన మాట నిజమే. అది తగ్గాలంటే రాత్రి భోజనాలయ్యాక అరగంట ముగ్గురినీ మీరు చూసుకోవాలి, ఆ సమయంలో నేను తలుపు వేసుకుని ప్రార్థన చేసుకుంటాను" అని వేళతో సహా అడగండి. "కాస్త సాయం చేయండి" అంటే ఎవరికైనా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు, వేళ చెబితే తెలుస్తుంది. చంటిది ఏడిస్తే ఆయన నేర్చుకుంటారు. మొదటి రెండు మూడు రోజులు ఏడుపు వినిపించగానే పరుగెత్తి వెళ్ళకుండా ఉండడమే మీకు కష్టమవుతుంది.

ఇవన్నీ చేసినా అరుపులు పూర్తిగా ఆగిపోతాయని ఆశించకండి. అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ 1970ల నుంచి తల్లులను, పసిపిల్లలను ఎదురెదురుగా కూర్చోబెట్టి వాళ్ళ ముఖకవళికలను క్షణక్షణం గమనించారు. ఏ సమస్యా లేని జంటల్లో కూడా ఇద్దరి మనసులూ కుదిరి ఉండేది సుమారు 30 శాతం సమయమేనని, మిగతా సమయమంతా తప్పిపోవడం, మళ్ళీ కుదుర్చుకోవడంతోనే గడుస్తుందని ఆయన తేల్చారు. అలా కుదుర్చుకోవడం ద్వారానే బిడ్డకు నమ్మకం ఏర్పడుతుంది. మెట్ల దగ్గర కూర్చుని మీరు చెప్పబోయే నాలుగు మాటలు ఆ పనే.

చివరగా ఒక సంగతి నన్ను ఆపుతోంది. మీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. అందులో ఒక్క మంచి పూట గురించీ లేదు. పాప నవ్విందని గానీ, చంటిది పాకుతోందని గానీ, మీరు ఏదైనా ఇష్టంగా చేశారని గానీ ఒక్క మాట లేదు. బాధతో రాసిన ఉత్తరం కాబట్టి అలా ఉండవచ్చు. కానీ గత రెండు వారాలుగా రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉంటున్నా, చంటిది నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోతున్నా, ప్రార్థనలో కూడా మనసు మొద్దుబారినట్టు ఉన్నా, అది ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు. ప్రసవమైన తొలి వారాలలోనే కాక, ఏడాదిలోపు ఎప్పుడైనా అది కనబడవచ్చు. దాన్ని గుర్తించడానికి 1987లో స్కాట్లండులో తయారైన పది ప్రశ్నల పత్రాన్ని ఇప్పటికీ అనేక దేశాల వైద్యులు వాడుతున్నారు. నింపడానికి ఐదు నిమిషాలు చాలు. మీ వైద్యురాలిని అడిగి అది నింపండి. పాలిస్తున్నానని ముందే చెప్పండి, ఆ స్థితిలోనూ వాడదగిన మందులు ఉన్నాయి. విశ్వాసం బలంగా ఉన్నవారికి కుంగుబాటు రాదన్న మాట మీ చుట్టూ వినిపిస్తే దాన్ని నమ్మకండి. అది కాలు విరిగినవారికి కట్టు అక్కరలేదన్నట్టే. చనిపోవాలని గానీ, పిల్లలకు ఏదైనా చేయాలని గానీ ఒక్క క్షణం ఆలోచన వచ్చినా, ఆ రోజే మీవారికి చెప్పి ఆసుపత్రికి వెళ్ళండి.

రెండు వారాలు ఇలా చేసి చూసి నాకు మళ్ళీ రాయండి. బాబు లైటు గురించి ఏమంటున్నాడో, గుమ్మం దాటి ఎంత దగ్గరగా వచ్చి కూర్చుంటున్నాడో రాయండి. ఈసారి పాప గురించి, చంటిదాని గురించి కూడా ఒక్కొక్క వాక్యం చేర్చండి.