బ్యాట్ చెక్క ఇంట్లో చేస్తే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. టేబుల్ టెన్నిస్ నేనే నేర్పిస్తున్నాను. కొన్న బ్లేడ్లు (రబ్బరు అతికించని బ్యాట్ చెక్కలు) బరువవుతున్నాయని అయిదు పొరలు ఫెవికాల్‌తో అతికించి నేనే ఒకటి చేశాను. రెండు రోజుల్లో అప్పడంలా వంగిపోయింది. తప్పు ఎక్కడ జరిగింది? (విజయవాడ)

జవాబు: నీళ్ల దగ్గర. తెల్ల జిగురులో నీరే ఎక్కువ. వెనీర్‌కు, అంటే పల్చటి చెక్క పొరకు, రాస్తే తడిసిన వైపు ఉబ్బి చుట్టుకుపోతుంది. అందుకే జిగురు ముందు మధ్య చెక్కకు, అంటే కోర్‌కు రాయాలి. రెండో పొర పరిచాక దాని వీపున రాసి, పై పొర వేయాలి. ఇంకో వైపు కూడా అంతే.

కొలతలు ఇవి (కిరి, అయూస్, లింబా చెక్క రకాలు). కోర్ 3.3 మి.మీ. కిరి లేదా అయూస్, దానికి అటూ ఇటూ 0.6 మి.మీ. అయూస్, పైన 0.55 మి.మీ. లింబా. మొత్తం 5.6. కోర్‌లోనూ పై పొరల్లోనూ నార హ్యాండిల్ వెంట నిలువుగా, రెండో పొరల్లో అడ్డంగా ఉండాలి. ముందు వైపు ఏ చెక్క ఎంత మందం వేశారో వెనక వైపు అదే పడాలి. పై పొరల్లో ఒకటి 0.5, ఇంకొకటి 0.7 అయినా బ్లేడ్ వంగుతుంది. మీ దగ్గర ఇదీ జరిగి ఉండొచ్చు, మందం కొలిచే వెర్నియర్ కాలిపర్‌తో చూడండి.

ముక్కలు 170 × 270 మి.మీ. కోసుకుంటే ఒక్కో అతుకుకు 6 గ్రాముల జిగురు చాలు. చిన్న రోలర్‌తో సమంగా పరచండి. నాలుగు అతుకులూ పది నిమిషాల్లో అయిపోవాలి, లేకపోతే మొదటిది ఆరిపోయి తర్వాత పొర విడుతుంది. పాలిథిన్ కాగితం వేసి, రెండు మందపాటి ప్లైవుడ్ పలకల మధ్య పెట్టి, నడిమి నుంచి అంచులకు క్లాంపులు బిగించి 24 గంటలు వదిలేయండి. తీశాక బల్ల మీద పడుకోబెట్టొద్దు. కింది వైపుకు గాలి తగలక మళ్లీ వంగుతుంది. అంచు మీద నిలబెట్టి వారం రోజులు ఆరనిచ్చాకే కోయండి. విజయవాడ వానాకాలంలో పది రోజులు ఆగినా నష్టం లేదు.

తొమ్మిదేళ్ల చేతికి ఉత్త బ్లేడ్ 75 నుంచి 80 గ్రాములుంటే బాగుంటుంది. రబ్బర్ల అడుగున ఉండే స్పాంజ్ మందం 1.8 మి.మీ. దాటనివ్వకండి. హ్యాండిల్ కూడా పెద్దవాళ్ల కొలతకు కాక సన్నగా చెక్కండి. చాలామంది తల్లిదండ్రులు చెక్క పేరు చూసి మురిసిపోయి పిల్లవాడి పిడికిలిని మరిచిపోతారు.

ప్రశ్న: బొమ్మలు చేసే తెల్ల పొణికి చెక్క కోర్‌కు పనికొస్తుందా? పోటీల్లో ఒప్పుకుంటారా? (కొండపల్లి)

జవాబు: నిబంధనల్లో చెట్టు పేరు లేదు. బ్లేడ్ మందంలో కనీసం 85 శాతం సహజమైన చెక్క కావాలి, బ్లేడ్ చదునుగా, బిరుసుగా ఉండాలి, అంతే. అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య ఆమోదం కావాల్సింది రబ్బర్లకు. పొణికి తేలిక కాబట్టి ప్రయత్నించొచ్చు. అయితే బొమ్మకు పనికొచ్చిన ముక్కల్లో చాలావరకు దీనికి పనికిరావు. ముడి లేకుండా, నార తిన్నగా, బాగా ఆరినదై ఉండాలి. మెత్తటి చెక్క కాబట్టి పై పొరలు గట్టివి వేయండి, లేకపోతే బల్ల అంచు తగిలిన చోటల్లా సొట్ట పడుతుంది.

తేలిగ్గా ఉంది కదా అని మందం పెంచేయకండి. బిరుసు మందం ఘనంతో పెరుగుతుంది. అదే చెక్క 5.6 నుంచి 6.2 మి.మీ.కు వెళితే బిరుసు మూడో వంతుకు పైగా పెరుగుతుంది. నేర్చుకునే పిల్లవాడికి బంతి చెక్క మీద ఆగినట్టే ఉండదు.

ప్రశ్న: చెక్క పొరల మధ్య కార్బన్ గుడ్డ (కార్బన్ పోగులతో నేసినది) వేయొచ్చా? (హైదరాబాద్)

జవాబు: వేయొచ్చు. ఒక్కో కార్బన్ పొర మొత్తం మందంలో 7.5 శాతం లేదా 0.35 మి.మీ., ఏది తక్కువైతే దాన్ని దాటకూడదు. ఫెవికాల్ పనికిరాదు, ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) వాడాలి. అంచులు రుద్దేటప్పుడు మాస్క్ తప్పనిసరి, ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. పిల్లలకైతే వద్దనే అంటాం.

ప్రశ్న: రబ్బర్ పీకితే చెక్క పీచు లేచి వస్తోంది. (రాజమండ్రి)

జవాబు: అతికించే ముందు 400 నంబరు గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది, నీళ్లలో కలిసే వార్నిష్ ఒక్క పూత, గుడ్డతో తుడిచినంత పల్చగా వేయండి. రెండు మూడు పూతలు వేస్తే బ్లేడ్ గట్టిపడుతుంది. పీకేటప్పుడు హ్యాండిల్ మూల నుంచి ఏటవాలుగా, నెమ్మదిగా లాగండి. పీచు లేస్తే అక్కడే ఆపి, అదిమి, రెండో వైపు నుంచి మొదలుపెట్టండి.