చెక్కు ఫొటో, ఫీజు రసీదు

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. మొదటిసారి మూడో పేజీ దాకా చదివి, చిరాకేసి, పక్కన పడేశాను. మర్నాడు ఉదయం కాఫీ తాగుతూ మళ్లీ తీశాను. పదకొండో పేజీలో ఒక వాక్యం దగ్గర కాఫీ చల్లారిపోయింది. ఆ వాక్యం గురించి తరవాత చెబుతాను. ముందు చిరాకు సంగతి తేల్చుకోవాలి.

జెరెమీ షూమేకర్ గురించి రాశావు. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం, లింకన్ ఊరు, విపరీతమైన బరువు, అప్పులు, ఆ తరవాత 'షూమనీ' అన్న పేరుతో బ్లాగు, కీర్తి. అంతవరకూ సాఫీగానే ఉంది. కానీ గూగుల్ పంపిన చెక్కును చేత్తో పట్టుకుని అతను దిగిన ఆ ప్రసిద్ధమైన ఫొటో దగ్గరికి వచ్చేసరికి నీ కలానికి పూనకం వచ్చింది. 2005, ఒక్క నెల సంపాదన, 1,32,994 డాలర్ల 97 సెంట్లు. ఆ చెక్కును పేజీన్నర వర్ణించావు. అప్పటి మారకంలో దాదాపు 58 లక్షలని లెక్క కట్టావు. ఆ తొంభై ఏడు సెంట్ల మీద ఒక ఉపమానం కూడా వేశావు. మరి ఆ డబ్బు ఎవరిచ్చారమ్మా? 'గూగుల్ ఇచ్చింది' అని మూడు చోట్ల రాశావు. పోస్టుమ్యాన్ మనియార్డరు తెచ్చి చేతిలో పెడితే ఆ డబ్బు పోస్టుమ్యాన్‌ది అయిపోతుందా?

నాకున్న పిచ్చి ఒక్కటే, ముప్పై ఏళ్లుగా అదే పట్టుకుని వేలాడుతున్నాను. డబ్బు సంపాదించినవాడి కథ రాసేటప్పుడు డబ్బు ఇచ్చినవాడు కూడా కనబడాలి. లేకపోతే అది లాటరీ టికెట్టు వెనక వేసిన బొమ్మ.

షూమేకర్ నడిపిన సైటులో జనం సెల్‌ఫోన్ రింగ్‌టోన్లు ఉచితంగా ఇచ్చిపుచ్చుకునేవారు. అమెరికాలో రింగ్‌టోన్ల వెర్రి తలకెక్కిన రోజులవి. వాటి పక్కన గూగుల్ యాడ్‌సెన్స్ ప్రకటనలు ఉండేవి. అప్పట్లో ఎవరైనా ప్రకటన మీద నొక్కితే ప్రకటనదారుడు డబ్బు కట్టాల్సి వచ్చేది, అందులో గూగుల్ తన వాటా ఉంచుకుని మిగతాది సైటు యజమానికి పంపేది. పేజీల్లో వచ్చే ప్రకటనల మీద యజమానికి 68 శాతం ఇస్తున్నామని 2010లో గూగులే బయటపెట్టింది. మరి ప్రకటనదారుడు ఊరికే ఎందుకు కడతాడు? ఆ నొక్కినవాళ్లలో కొందరు తన దగ్గర రింగ్‌టోన్ కొంటారని. ఆ కొన్నవాళ్ల నుంచి మొదలుపెట్టు. వాళ్లలో ఒక్కడు నీ వ్యాసంలో నడిచి ఉంటే నేను మూడో పేజీలో ఆగేదాన్ని కాదు.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. 2011 ప్రాంతంలో ఆమె ప్రీపెయిడ్ ఫోనులో నెలకు 30 రూపాయలు మాయమయ్యేవి. 'మాట్లాడకపోయినా అయిపోతున్నాయే' అనేది. ఎప్పుడో ఏదో మీట నొక్కింది, కాలర్‌ట్యూన్ తగులుకుంది. ఆమెకు ఫోను చేసినవాళ్లందరికీ వెంకన్న పాట వినబడేది, ఆమెకు తప్ప. తన డబ్బుతో వస్తున్న పాటను ఏడాదిన్నర పాటు ఆమె ఒక్కసారి కూడా వినలేదు. పాల లెక్క రాసుకునే క్యాలెండరులో, ఒకటో తారీఖు గడిలో, పెన్సిలుతో 'ఫోను 30' అని రాసి ఉండేది. తన వల్లే ఏదో పొరపాటు జరుగుతోందని ఆమె నమ్మకం. తరవాత 2013లో వినియోగదారుడు రెండుసార్లు ఒప్పుకుంటే తప్ప ఇలాంటి సేవలు తగిలించకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ గట్టిగా చెప్పింది. షూమేకర్‌కూ మా అమ్మ ముప్పై రూపాయలకూ ఏ సంబంధమూ లేదు, ఆ మాట స్పష్టంగానే చెబుతున్నాను. కానీ రింగ్‌టోన్ల సంపాదన అని ఎవరు రాసినా నాకు ఆ పెన్సిలు గీతే గుర్తొస్తుంది. నీకూ అలాంటిదొకటి గుర్తు రావాలి. రాకపోతే వెళ్లి వెతుక్కోవాలి.

ఈ జబ్బు నీ ఒక్కదానిదే కాదని నాకు తెలుసు. 'విజయగాథ' అనే మూసను మా కాలపు సంపాదకులే పోతపోశారు. తొంభైలలో నేనొక పత్రికకు అలాంటివి రాసేదాన్ని, వ్యాసానికి 75 రూపాయలు. ఒకసారి పచ్చళ్ల వ్యాపారి గురించి రాశాను. మొదటి పెట్టుబడి అతని అక్కయ్య గాజులు. కుదువ పెట్టారు, అవి తిరిగి రాలేదు. ఆ పేరా మీద సంపాదకుడు ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత గీసి, 'పాఠకుడికి స్ఫూర్తి కావాలి, గాజులెందుకు?' అన్నాడు. నేను నోరెత్తలేదు. వ్యాసం అచ్చయిన వారానికి ఆ అక్కయ్య బస్సెక్కి ఆఫీసుకు వచ్చింది. పోట్లాడలేదు. మంచినీళ్లు తాగి, 'నా పేరు వద్దన్నాను గానీ, గాజులైనా రాయలేదేమమ్మా?' అంది. ఆ సంపాదకుడికి తరవాత సన్మానాలు జరిగాయి, శాలువాలు కప్పారు. నాకు మాత్రం ఎర్ర సిరా పెన్ను చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఈ రోజుల్లో సంపాదకుడి అవసరమే లేదు, రాసేవాళ్లే తమ గాజులు తాము కొట్టేసుకుంటున్నారు. 'నిద్రలో సంపాదన' అని ఒక ఉపశీర్షిక పెట్టావు. షూమేకర్ నిద్రపోతున్నప్పుడు మెలకువగా ఉండి డబ్బు కట్టినవాడు ఎవడో ఒకడు ఉన్నాడు కదా, వాడి ఊసే లేదు.

ఆ ఊసు తెలిసేలా చెప్పినవాళ్లు ఆ రంగంలోనే ఉన్నారు. పాట్ ఫ్లిన్ అని కాలిఫోర్నియాలో ఒకతను. 2008లో ఆర్కిటెక్ట్ సంస్థలో ఉద్యోగం పోయింది. పర్యావరణహిత భవనాలకు సంబంధించిన లీడ్ పరీక్షకు తాను చదువుకుంటూ రాసుకున్న నోట్సు అప్పటికే నెట్‌లో ఉంది. దాన్ని ఈ-పుస్తకంగా చేసి అక్టోబరులో అమ్మకానికి పెడితే మొదటి నెల 7,908 డాలర్లు వచ్చాయి. తరవాత ఏళ్ల తరబడి నెలనెలా జమ, ఖర్చు బయటపెట్టాడు. ఇది షూమేకర్ చెక్కులో పదహారో వంతు కూడా లేదు. కానీ కట్టిందెవరో తెలుస్తోంది: పరీక్ష గట్టెక్కాల్సిన ఆర్కిటెక్టులు. మన దేశంలో అమిత్ అగర్వాల్‌నే తీసుకో. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, 2004లో ఆగ్రా వెళ్లిపోయి, బ్లాగు రాయడమే వృత్తిగా పెట్టుకున్నాడు. గూగుల్ షీట్‌లో ఉన్న చిరునామాలన్నిటికీ ఒకేసారి మెయిలు పంపే ఉపకరణం లాంటివి తయారు చేశాడు. ఒక గుమాస్తాకు ఒక పూట పని తప్పింది. ఆ గుమాస్తాను నేను ఊహించుకోగలను.

నాకూ ఈ బజారు కొంత తెలుసులే. 2007లో నేనూ తెలుగు బ్లాగు తెరిచాను. ఉత్సాహంగా యాడ్‌సెన్స్‌కు అర్జీ పెట్టుకుంటే, మీ భాషకు ఈ సదుపాయం లేదని జవాబు వచ్చింది. తెలుగుకు ఆ భాగ్యం 2018లో గానీ పట్టలేదు. పదకొండేళ్లు కాణీ రాకుండా రాశాను. గొప్ప కోసం చెప్పడం లేదు. మధ్యలో రెండేళ్లు సిగ్గు విడిచి ఒక బియ్యం మిల్లు ప్రకటన పక్కన పెట్టుకున్నాను, ఏడాదికి ఒక బస్తా ఇచ్చే ఒప్పందం మీద. రెండో ఏడాది బస్తా రాలేదు.

సరే, పదకొండో పేజీ. షూమేకర్ 2007లో ఆక్షన్‌యాడ్స్ అనే ప్రకటనల సంస్థ పెట్టడం, కొద్ది నెలల్లోనే దాన్ని అమ్మేయడం, తరవాత సదస్సులు, శిక్షణ పాఠాలు అమ్మడం, ఇవన్నీ ఒక్క పేరాలో ఉరుకులు పరుగులుగా దాటేశావు. నిజానికి అసలు మలుపు అక్కడుంది. మొదట్లో డబ్బు కట్టినవాడు పాట కావాలనుకున్న కుర్రాడు. పాఠాలు అమ్మడం మొదలుపెట్టాక కట్టేవాడు షూమేకర్ లాగా కావాలనుకున్న కుర్రాడు. అతనొక్కడే కాదు, వాంకూవర్ జాన్ చౌ దగ్గర్నుంచి ఆ తరం బ్లాగర్లలో చాలామందికి సంపాదన ఎలాగో చెప్పడమే సంపాదన అయింది. ఆ పాఠాల్లో పనికొచ్చేవి ఉండవచ్చు. అయినా చెక్కు ఫొటో అప్పటికి జ్ఞాపకం కాదు, బోర్డు.

సరిగ్గా ఆ పేరా కింద ఈ వాక్యం రాశావు: 'మా అన్నయ్య కూడా ఈ ఫొటో చూసే అమీర్‌పేటలో 38 వేలు కట్టి డిజిటల్ మార్కెటింగ్ కోర్సులో చేరాడు, ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నాడు.' చుక్క పెట్టావు. కింది పంక్తిలో మళ్లీ నెబ్రాస్కా.

ఎందుకు పారిపోయావు అక్కడి నుంచి? ఇరవై రెండు పేజీల్లో డబ్బు కట్టినవాడు కనబడింది ఆ ఒక్కచోటే. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ ఆ కోర్సుల బోర్డుల కింద నుంచి నేనూ చాలాసార్లు నడిచాను, ఏ మెట్ల మీద చూసినా సంచీ భుజాన వేసుకున్న పిల్లలే. ఆ 38 వేలు ఎక్కడివి? ధాన్యం అమ్మితే వచ్చినవా, మీ నాన్న అప్పు తెచ్చారా, నీ చదువుకు దాచినవా? హాస్టల్లో గదికి ఎందరు? తిరిగి వచ్చిన రోజు బస్సు దిగి నేరుగా ఇంటికి వచ్చాడా, చీకటి పడేదాకా ఎక్కడైనా కూర్చున్నాడా? 'ఊళ్లోనే ఉంటున్నాడు' అన్న మాటలో ఆ 'నే' ఎంత బరువో నీకు తెలుసు, తెలిసే చుక్క పెట్టావు. ఆ చుక్క పెట్టిన చెయ్యి మంచి చెయ్యే. మెచ్చుకోలు ఇంతకన్నా నాకు చేతకాదు.

ఇంకా ఏవో అడిగావు. శీర్షికలో అంకె ఉండాలా అన్నావు, వద్దు. ఏ ప్రచురణకర్తకు పంపాలో, కలం పేరు పెట్టుకోవాలో వద్దో ఇప్పుడు చెప్పను. వ్యాసం ఇంకా పూర్తి కాలేదు కదా.

వచ్చే ఆదివారం ఊరికి వెళతానన్నావు. అన్నయ్యను నొప్పించకుండా, భోజనాలయ్యాక, ఆ ఫీజు రసీదు ఉందేమో అడుగు. ఉంటే ఫొటో తీసి నాకు పంపు, వెనక వైపు కూడా.