‘ఐ’ అన్న తరువాత మాట ఆగిపోతోంది

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఇంగ్లీషు మాట్లాడటంలోని ఇబ్బందుల గురించే ఉన్నాయి. వాటిలో నాలుగింటిని ఎంచుకున్నాను. మొదటి ఉత్తరంలోని చిక్కే అచ్చు వేయలేకపోయిన చాలా ఉత్తరాలలోనూ ఉన్నందువల్ల దానికి కాస్త ఎక్కువ చోటు కేటాయించక తప్పలేదు.

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. నేను పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, ఇప్పుడు ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేస్తున్నాను. ఇంగ్లీషు మెయిళ్లు చదవగలను, రాయగలను. ఎవరైనా మాట్లాడితే దాదాపు అంతా అర్థమవుతుంది. టెన్సులు, పాసివ్ వాయిస్ అన్నీ కంఠతా వచ్చు. కాని మీటింగులో నా వంతు రాగానే ‘ఐ...’ అని ఆగిపోతాను. మొన్న మా మేనేజరు ‘యూ హావెంట్ వర్క్‌డ్ ఆన్ దిస్ బిఫోర్?’ అని అడిగితే ‘యెస్’ అన్నాను. చేయలేదని నా ఉద్దేశం. సోమవారం నాటికి ఆ పని నా నెత్తిన పడింది. పదేళ్లకు పైగా నేర్చుకున్న భాష ఇలా మొండికేయడానికి కారణమేమిటి?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

సమాధానం: మీ ఉత్తరంలో ‘ఐ’ తరువాత మీరు పెట్టిన మూడు చుక్కల దగ్గరే అసలు విషయం ఉంది. మీకు వ్యాకరణం రాకపోవడం వల్ల మాట ఆగడం లేదు. తెలుగు వాక్యంలో క్రియ చివరన కూర్చుంటుంది, ఇంగ్లీషు వాక్యంలో అది కర్త పక్కనే ఉంటుంది. మాట ఆగుతున్నది అందువల్ల. ‘నేను రేపు సాయంత్రం మీ ఇంటికి...’ అన్నంత వరకు తెలుగులో మనం దేనికీ కట్టుబడినట్టు కాదు. ‘వస్తాను’, ‘రాను’, ‘రాలేను’, ‘వద్దామనుకుంటున్నాను’, ‘రావలసి ఉంది’ అన్నవాటిలో ఏదో ఒకటి చిట్టచివర తేల్చుకోవచ్చు. ఎదుటివారి ముఖం చూసి ‘వస్తాను’ అనబోయి ‘రాలేనేమో’ అని ముగించడం మనకు అలవాటే. ఇంగ్లీషు ఆ వెసులుబాటు ఇవ్వదు. ‘ఐ’ అన్న మరుక్షణమే వస్తారో రారో, అది నిన్నటి సంగతో రేపటి సంగతో, వచ్చి తీరుతారో వస్తే వస్తారో చెప్పేయాలి. మీరేమో తెలుగు వాక్యాన్ని మనసులో చివరిదాకా కట్టుకొని, దాన్ని తిరగేసి, ఆ తరువాత నోటికి అందిస్తున్నారు. అంతవరకూ ఆ ‘ఐ’ పాపం ఒంటరిగా నిలబడి ఉంటుంది.

ఒక వాక్యాన్ని పట్టుకొని చూద్దాం. ‘మీరు నిన్న పంపిన ఫైలును నేను ఇంకా చూడలేదు.’ దీన్ని ఇంగ్లీషులో ‘ఐ హావెంట్ యెట్ సీన్ ద ఫైల్ యూ సెంట్ యెస్టర్‌డే’ అంటాం. తెలుగులో ఆఖరి మాట అయిన ‘చూడలేదు’ అక్కడ ‘ఐ’ పక్కకు వచ్చి చేరింది. తెలుగులో ఫైలుకు ముందున్న ‘మీరు నిన్న పంపిన’ అన్న ముక్క అక్కడ ఫైలు వెనక్కి పోయింది. ‘నిన్న’ వాక్యం చివరికి జారింది. కాగితం మీద ఈ తిరగేత నిమిషంలో పూర్తవుతుంది. పదిమంది మీ వంక చూస్తున్నప్పుడు ఆ నిమిషం దొరకదు.

కనుక తిరగేయడంలో వేగం పెంచుకోవాలని ప్రయత్నించకండి. తిరగేసే అవసరమే లేకుండా చూసుకోండి. తెలుగు పిల్లవాడు ‘చూడలేదు’ అన్న మాటను ‘చూడ’, ‘లేదు’ అని విడదీసి నేర్చుకోడు, ఒకే మాటగా నేర్చుకుంటాడు. ‘ఐ హావెంట్ సీన్’, ‘ఐ వజ్ అబౌట్ టు’, ‘ఐ కుడ్‌న్ట్ గెట్’, ‘ఐ యామ్ నాట్ షూర్’ వంటివాటిని మీరూ అలాగే ఒక్కొక్క మాటగా నోటికి ఎక్కించుకోవాలి. మీ ఉద్యోగంలో రోజూ పనికివచ్చేవి ముప్పై ఏరుకుంటే చాలు. ఒక్కొక్కదానికి పది రకాల తోకలు తగిలిస్తూ పైకి చెప్పండి. మనసులో అనుకుంటే నోరు తిరగదు. బండి మీద ఆఫీసుకు వెళ్లేవారైతే హెల్మెట్టును మించిన అభ్యాస మందిరం లేదు. లోపల మీరేం మాట్లాడుకున్నా ఎవరికీ వినిపించదు.

ఇక ఆ ‘యెస్’ సంగతి. తెలుగులో ‘నువ్వు ఈ పని ఇంతకు ముందు చేయలేదా?’ అని అడిగితే ‘అవునండీ, చేయలేదు’ అనవచ్చు. అడిగినవారి అనుమానం నిజమేనని ఆ ‘అవును’కు అర్థం. ఇంగ్లీషులో ‘యెస్’ ఎదుటివారి అనుమానంతో కలవదు, తన వెనుక రాబోయే క్రియతో కలుస్తుంది. ‘యెస్’ అంటే ‘ఐ హావ్’ అనీ, ‘నో’ అంటే ‘ఐ హావెంట్’ అనీ విన్నవారు పూరించుకుంటారు. మీ మేనేజరు అలాగే పూరించుకున్నారు. కాదన్నట్టుగా సాగే ప్రశ్న వచ్చినప్పుడు ఒంటి ‘యెస్’, ఒంటి ‘నో’ వాడకుండా, ‘నో, ఐ హావెంట్’ అని మొత్తం చెప్పే అలవాటు చేసుకోండి. ఇరవై ఏళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పిన తరువాత కూడా నేను ఈ ఒక్క చోట ఇప్పటికీ ఓ క్షణం ఆగి ఆలోచించుకుంటాను.

పదేళ్లు ఏమయ్యాయన్న మీ ప్రశ్నకు నా అభిప్రాయం చెబుతాను. ఆ పదేళ్లూ మీరు ఇంగ్లీషును కంటితో నేర్చుకున్నారు. పదో తరగతి పబ్లిక్ పరీక్షకు కావలసింది కలం, కాగితం. పరీక్ష అడగనిదాన్ని బడి నేర్పదు. తెలంగాణ ఇంటర్మీడియట్‌లో 2023-24 విద్యా సంవత్సరం నుంచి ఇంగ్లీషుకు 20 మార్కుల ప్రాక్టికల్స్ పెట్టారు, నోటికి కూడా మార్కులుంటాయని మన పిల్లలకు తెలియడానికి అంతకాలం పట్టింది. కంటితో నేర్చిన భాష ఎలా ఉంటుందో చెప్పడానికి నా అనుభవమే చాలు. ఒక డిగ్రీ కళాశాలలో కొత్తగా చేరిన రోజుల్లో ఒక పాఠంలోని ‘డిటర్‌మిన్డ్’ అన్న మాటను ‘డిటర్‌మైన్డ్’ అని పీరియడంతా చదివాను. ‘మైన్’ అన్నట్టుగా అక్షరాలు కనిపిస్తుంటే మరోలా చదవాలని నాకు ఎలా తెలుస్తుంది? గంట కొట్టాక ఒక అమ్మాయి బల్ల దగ్గరికి వచ్చి, రెండు రకాలుగానూ పలకవచ్చా అని ఎంతో మర్యాదగా అడిగింది. ఆ మాటను అప్పటికి వేయిసార్లు చదివి ఉంటాను, ఒక్కసారీ వినలేదు.

ఇది మనకు మాత్రమే వచ్చిన చిక్కు కాదు. ఇరవయ్యో శతాబ్ది తొలి పదేళ్లలో ఉత్తర సర్కారు జిల్లాల పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషువాడు తెలుగు నేర్చుకోబోయి, పుస్తకంలోని తెలుగు జనం నోట వినబడకపోవడం చూసి తికమకపడ్డాడు. గిడుగు రామమూర్తి పంతులు వంటివారి ముందు ఆయన పెట్టిన ఆ సందేహం వ్యావహారిక భాషోద్యమానికి ఒక ప్రేరణ అయింది. యేట్స్‌కు దొరకని వసతి మీకు ఉంది. చదివే ప్రతి ముక్కనూ ఫోనులో వినవచ్చు. ముందు వినండి, తరువాతే చదవండి.

ప్రశ్న: మా అబ్బాయి వాళ్లింటికి న్యూజెర్సీ వచ్చి నాలుగు నెలలైంది. నేను బి.ఎ. చదివినదాన్ని. మొన్న దుకాణంలో ‘వెజిటేబుల్ ఆయిల్’ ఎక్కడుందని మూడుసార్లు అడిగినా అక్కడి కుర్రవాడికి అర్థం కాలేదు. ఏడేళ్ల మనవడు ఒక్కసారి అనగానే చూపించాడు. పైగా ఇంటికి వచ్చాక మనవడు నన్ను అనుకరిస్తూ నవ్వుతున్నాడు. నా ఇంగ్లీషు అంత అన్యాయంగా ఉందా?
– ఒక నాయనమ్మ

సమాధానం: లేదమ్మా. మీరు అన్ని అక్షరాలనూ న్యాయంగా పలికారు, చిక్కల్లా అదే. తెలుగులో ప్రతి అచ్చుకూ దాని విలువ దానికి ఉంటుంది. రాసిన దీర్ఘం పలికి తీరాలి. ఇంగ్లీషులో మాటకు ఒక చోట ఊనిక పడితే తక్కిన అచ్చులు నలిగిపోతాయి. ‘వెజ్’ మీద బరువంతా పడి, తరువాతిది ‘టబుల్’ అని పొడిగా రాలిపోతుంది. అక్కడివాళ్ల చెవికి అది మూడు దెబ్బల మాట. మీరు నాలుగు దెబ్బలు వేసి, అందులో ‘టే’ దగ్గర దీర్ఘం తీశారు. ఆ కుర్రవాడి చెవి ఆ దీర్ఘం దగ్గర ఊనిక ఉందనుకొని, అలాంటి మాట కోసం వెదికి ఉంటుంది. ‘కంఫర్టబుల్’ కూడా ఇదే తరహా, ‘కంఫ్’ తరువాత అంతా నలిగిపోవాలి. ‘ఫోటోగ్రాఫ్’లో ఊనిక మొదట ఉంటుంది, ‘ఫొటాగ్రఫీ’లో రెండో చోటికి, ‘ఫోటోగ్రాఫిక్’లో మూడో చోటికి జరుగుతుంది. మన చెవికి ఇది పిచ్చిపనిగా తోస్తే తప్పు మనది కాదు.

మాట చివర అచ్చు చేర్చడం (బస్సు, రోడ్డు, బుక్కు), ‘ఎగ్’ను ‘యెగ్’ అనడం, పళ్లు ఆనించి పలికే ‘వ’నూ పెదవులు గుండ్రంగా చుట్టి పలికే ‘వ’నూ ఒకటి చేయడం మనవాళ్లందరిలో ఉన్నవే. వీటి వల్ల అర్థం చెడటం అరుదు కనుక వాటి జోలికి పోవద్దు. ఊనిక ఒక్కటీ పట్టుకోండి. దుకాణానికి వెళ్లే ముందు కొనవలసిన నాలుగైదు వస్తువుల పేర్లు మనవడి చేత చెప్పించుకుని, ఎక్కడ గట్టిగా అంటున్నాడో వేలితో బల్ల మీద కొట్టి చూడండి. గురువు స్థానంలో కూర్చోబెడితే నవ్వు దానంతటదే తగ్గుతుంది. బదులుగా వాడి చేత ‘వాళ్లు’, ‘పళ్లు’ అనిపించండి. ఆ ‘ళ’ దగ్గర వాడి నాలుక పడే పాట్లు చూశాక మీకు కొంత ఊరట కలగవచ్చు.

ప్రశ్న: నేను నర్సును. విదేశీ ఉద్యోగం కోసం ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాయబోతున్నాను. మాట్లాడే పరీక్షలో మంచి స్కోరు రావాలంటే అమెరికన్ యాక్సెంట్ నేర్చుకోవాలని, దానికి వేరే ఫీజు కట్టాలని శిక్షణ కేంద్రం వారు అంటున్నారు. కట్టమంటారా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: కట్టవద్దు. ఆ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు సాగుతుంది. ధారగా, పొందికగా మాట్లాడటం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అనే నాలుగింటిని చూసి స్కోరు వేస్తారు. ఉచ్చారణ అంటే విన్నవారికి శ్రమ లేకుండా అర్థం కావడమే గాని, ఏ దేశపు యాసలో పలికారన్నది కాదు. అరువు యాస పెట్టుకున్నవారు రెండు నిమిషాలయ్యేసరికి దాన్ని మోయలేక సగంలో దించేయడం, దాంతో ధార తెగిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఆ పరీక్ష రెండో భాగంలో ఒక అంశం ఇచ్చి, ఆలోచించుకోవడానికి ఒక నిమిషం, మాట్లాడటానికి రెండు నిమిషాల వరకు ఇస్తారు. మీ డబ్బును, సమయాన్ని ఆ రెండు నిమిషాల మీద పెట్టండి. వార్డులో నిన్న జరిగిన ఒక సంగతిని గడియారం ముందు పెట్టుకుని ఇంగ్లీషులో చెప్పి, ఫోనులో రికార్డు చేసి, మరునాడు వినండి. వినడం మొదట్లో సిగ్గుగానే ఉంటుంది.

ప్రశ్న: ‘ఈయన మన దేశానికి ఎన్నో ప్రధాని?’ అన్నదాన్ని ఇంగ్లీషులో ఎలా అడగాలో చెప్పమని ఎనిమిదో తరగతి పిల్లలు నన్ను ఇరుకున పెట్టారు. జవాబు చెప్పలేక గంట కోసం ఎదురుచూశాను. దీనికి ఇంగ్లీషు ఏమిటి?
– ఒక ఉపాధ్యాయుడు, కరీంనగర్

సమాధానం: ఇంగ్లీషు లేదు, మీరు చిన్నబోనక్కరలేదు. ‘ఎన్ని’కి ‘హౌ మెనీ’ ఉంది గాని, ‘ఎన్నో’ అని వరుసను అడిగే మాట ఆ భాషలో లేదు. ‘ఈయనకు ముందు ఎంతమంది ప్రధానులయ్యారు?’ అనే అర్థం వచ్చేలా ‘హౌ మెనీ ప్రైమ్ మినిస్టర్స్ కేమ్ బిఫోర్ హిమ్?’ అని అడిగి, వచ్చిన అంకెకు ఒకటి కలుపుకోవాలి. ఇంగ్లీషువాళ్లు చాలావరకు ఆ ప్రశ్న అడగకుండానే కాలం గడుపుతారు. పిల్లలు ఈసారి మళ్లీ ఇరుకున పెడితే, ‘మనం’, ‘మేము’ అన్న రెండింటికీ ఇంగ్లీషులో వేర్వేరు మాటలు చెప్పమని మీరు వాళ్లను అడగండి. ఉన్నది ఒక్క ‘వి’ మాత్రమే. అందువల్లనే ఆఫీసులో ఎవరైనా ‘వి ఆర్ గోయింగ్ ఫర్ లంచ్’ అంటే, ఆ లెక్కలో తామున్నారో లేదో తేలక మనవాళ్లు కుర్చీలోంచి సగం లేచి ఆగుతుంటారు.