బైరాడ్స్ 0 అంటే జబ్బు లేదని కాదు

మీ అప్పకి రొమ్ములో గడ్డ చేతికి తగులుతోందనీ, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) రిపోర్టులో ‘బైరాడ్స్ 0’ అని ఉందనీ, ఎంఆర్ఐ చేయించాలా అనీ అడిగారు. బైరాడ్స్ అంటే రొమ్ము పరీక్ష ఫలితానికి వేసే నంబరు. అందులో 0కి అర్థం, ఈ ఫిల్ముతో తేలలేదు, ఇంకో పరీక్ష కావాలని. కారణం పక్కనే రాసిన ‘డెన్సిటీ డి’, అంటే రొమ్ము కణజాలం బాగా చిక్కగా ఉందని. చిక్కటి రొమ్ము కణజాలం మామోగ్రామ్‌లో తెల్లగా పడుతుంది, గడ్డా తెల్లగానే పడుతుంది. అందుకే చేతికి తగిలేది ఫిల్ములో కనబడలేదు.

1. మీరు అడిగిన ఎంఆర్ఐ ఇప్పుడే వద్దు. ముందు రెండు రొమ్ములకీ, చంకలకీ అల్ట్రాసౌండ్. నీటి తిత్తో, గట్టి గడ్డో తేలిపోతుంది. విజయనగరంలోనే చేయించుకోవచ్చు.

2. చాలామంది వదిలేసేది ఇదే: స్కాన్ మొదలవకముందే గడ్డ ఉన్న చోటు అప్పే తడిమి చూపించాలి, పెన్నుతో గుర్తు పెట్టించాలి. చీటీలో ‘కుడి రొమ్ము, 10 గంటల స్థానం’ లాగ (రొమ్మును గడియారంలా అనుకుని) డాక్టరు చేత రాయించండి. మామోగ్రామ్ ఫిల్ములు, సీడీ కూడా పట్టుకెళ్లండి, రిపోర్టు కాగితం ఒక్కటీ చాలదు.

3. అనుమానం ఉంటే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ 14 గేజ్ సూదితో కోర్ బయాప్సీ, అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం. విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లొచ్చు.

స్కాన్‌లో ఏమీ లేదన్నా, గడ్డ తగులుతూనే ఉంటే సర్జన్‌కి తప్పకుండా చూపించండి. వాయిదా వేయొద్దు.